గద్వాల నుంచి కొలంబోకు ఒకే టికెట్టు

నేను గద్వాల స్టేషనులో బుకింగ్ క్లర్కుగా ఉన్నన్నాళ్ళూ పై అధికారులు నన్ను తిప్పి తిప్పి ఒకే ప్రశ్న అడిగారు. "ఈ మెట్ట ఊళ్ళ నుంచి పరాయి దేశానికి రైల్లో ఎవరు పోతారయ్యా?" అని. ప్రశ్నలా అడిగేవారు కానీ జవాబు వాళ్ళ దగ్గరే ఉండేది. ఎవరూ పోరని వాళ్ళ నమ్మకం. నేను అప్పుడు ఒప్పుకోలేదు, పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయ్యాక కూడా ఒప్పుకోను. పోయారు. వాళ్ళకు టికెట్లు రాసిచ్చింది నేనే.

రైల్వేలో కొత్తగా చేరే పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషను వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో రాయను. అవి ఎవరికీ పనికిరావు. కిటికీకి ఇవతల కూర్చున్నవాడు అవతల నిలబడ్డ మనిషిని ఎట్లా చూడాలో నాకు తెలిసినంత చెబుతాను.

అట్లసులో దొరికిన దారి

మాది నేత ఇల్లు. బడిలో చదివింది ఉర్దూ. తెలుగు చదవడం నాకు ఏ పంతులూ నేర్పలేదు, ఊళ్ళోని గ్రంథాలయం నేర్పింది. గ్రంథాలయమంటే గానుగ నూనె దుకాణం పైన ఒక కిరాయి గది. పుస్తకాలన్నీ నువ్వుల నూనె వాసన కొట్టేవి. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ఏదో ఒకటి చదవాలనిపిస్తుంది.

అక్కడ ఒక పాత అట్లసు ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ సాయంత్రం దాన్ని ముందేసుకొని కూర్చునేవాణ్ని. మా నాన్న నవ్వేవాడు.

"మగ్గం గుంటల కూసునే ఇంట్ల పుట్టి, నీకు దేశాలెందుకురా?"

"మనం నేసిన చీరెలు దేశాలు తిరుగుతున్నయి గద బాపూ. అవి ఏడికి పోతున్నయో నేను చూడొద్దా?"

ఆ అట్లసులో, దానికి తోడు స్టేషనులో గోడకున్న రైలు పటంలో, నేను ఒక సంగతి పట్టుకున్నాను. మా ప్లాట్‌ఫారం ముందున్నవి మీటరు గేజి పట్టాలు. అదే వెడల్పు పట్టాలు కర్నూలు, డోను, గుంతకల్లు, ధర్మవరం మీదుగా అరవ దేశంలోకి దిగి, ఎక్కడా తెగకుండా ధనుష్కోటి దాకా పోతాయి. ధనుష్కోటిలో ఓడ ఎక్కితే అవతల తలైమన్నారు. అక్కడ మళ్ళీ రైలు సిద్ధంగా ఉంటుంది, దిగితే కొలంబో. అంటే మా ఊరి రేకుల షెడ్డు ముందు పడి ఉన్న ఇనుము సముద్రాన్ని తాకుతోంది!

మరునాడు మా స్టేషన్ మాస్టరు విఠల్‌రావు గారికి ఆయాసపడుతూ చెప్పాను. ఆయన పాన్ నములుతూ పూర్తిగా విన్నాడు.

"అయితే ఏం చేస్తవ్ భాయ్? పట్టాల మీద నడిచిపోతవా?"

విఠల్‌రావు గారు జన్మలో ఒక్క పుస్తకం చదివిన మనిషి కాదు. కానీ నేను చదువుతుంటే ఒక్కనాడూ అడ్డం రాలేదు. అధికారుల్లో అట్లాంటివాళ్ళు దొరకడం అదృష్టం.

ఎవరు పోయారు

యాభైలలో మా కిటికీ దగ్గరికి వచ్చిన దూరదేశపు ప్రయాణికులు మూడు రకాలు. చీరెల మూటలతో కొలంబో దుకాణాలకు పోయే వ్యాపారులు మొదటివాళ్ళు. రామేశ్వరం యాత్రకు పోతూ, "అంత దూరం పోయినంక లంక గూడ చూసొస్తే ఏంబోతది?" అని అడిగే పెద్దమనుషులు రెండోవాళ్ళు. ఇక మూడోవాళ్ళు, కరాచీలో అన్నో అక్కో ఉన్న సాయిబుల కుటుంబాలు. రాజస్థాను ఎడారి గుండా సింధులోకి ఒక రైలు నడిచేది. ఆ దారి చెప్పడానికి నేను సెలవు రోజున కూడా పటం ముందు నిలబడ్డాను.

తర్వాత పాస్‌పోర్టులు వచ్చాయి, వీసాలు వచ్చాయి, టీకా కాగితాలు వచ్చాయి. కిటికీ దగ్గర మనుషులు పలచబడ్డారు. అరవై అయిదు యుద్ధంతో సింధు దారి మూసుకుపోయింది. పైనుంచి వచ్చినవాళ్ళు దీన్ని చూసి "జనానికి ఆసక్తి తగ్గింది" అన్నారు. తలుపు మూసి, ఎవరూ లోపలికి రావడం లేదని చెప్పడం లాంటిది ఇది. అన్నను చూడాలన్న కోరికకు ఆసక్తి అని పేరు పెట్టినవాడికి అన్నలు లేరేమో.

ఇన్‌స్పెక్టరు గారి లెక్క

ఆ రోజుల్లో అచ్చు టికెట్టు లేని ఊరికి మేము చేత్తో కాగితపు టికెట్టు రాసిచ్చేవాళ్ళం. కొలంబోకూ అంతే. ఒకే కాగితం మీద రైలు, ఓడ, మళ్ళీ రైలు. మా స్టేషను నుంచి ఈ పద్ధతి తీసెయ్యాలని పట్టుబట్టినవాడు మా కమర్షియల్ ఇన్‌స్పెక్టరు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, తెల్ల ప్యాంటు మీద మడత చెదరనివ్వడు. పనిమంతుడే, కాదనను.

"ఇక్కణ్ణుంచి కొలంబోకి రాసేది ఏడాదికి ఎన్నని? గుంతకల్లు దాకా ఇచ్చి వదిలెయ్. అక్కణ్ణుంచి వాళ్ళ తిప్పలేవో వాళ్ళే పడతారు."

"గుంతకల్లులో దిగి మళ్ళీ వరస నిలబడాలె సార్. తర్వాత విల్లుపురంలో, తర్వాత ధనుష్కోటిలో. ఒక్కొక్క కాడ ఒక్కొక్క భాష."

"చదువుకున్నవాళ్ళకి ఏం ఇబ్బందయ్యా?"

"చదువుకున్నవాళ్ళు నా దగ్గరికి రారు సార్. వాళ్ళు పట్నం పోయి ఎక్కుతరు."

ఆయన నా బల్ల కింద దాచుకున్న గ్రంథాలయం పుస్తకాన్ని వేలితో చూపించాడు. "ఇవి చదివి చదివి నీకు మాటలు బాగా వచ్చాయి" అన్నాడు. నేను పొగడ్తగానే తీసుకున్నాను. ఆయన వచ్చే తనిఖీ దాకా గడువిచ్చి వెళ్ళాడు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. దూర ప్రయాణాన్ని ముక్కలు చేస్తే డబ్బున్నవాడికి విసుగు పుడుతుంది. చదువురానివాడికి మాత్రం ఆ ప్రయాణమే ఉండదు. మొదటి ముక్క దగ్గరే వాడు వెనక్కి తిరుగుతాడు.

ఎల్లమ్మ

ఆ గడువులోనే ఒకనాడు మక్తల్ వైపు ఊరి నుంచి ఒక కురుమ ఆమె వచ్చింది. పేరు ఎల్లమ్మ. గొర్రెల మంద ఉన్న ఇల్లు. భుజాన కొత్త నల్ల గొంగడి, అంచుకు తెల్ల ఉన్ని చార. గంజి గట్టిగా పట్టించిన గొంగడి కావడంతో నడుస్తుంటే తడకలా చప్పుడు చేస్తోంది.

"సారూ, కొలంబుకు టికెట్టిస్తవట. నిజమేనా?"

"నిజమే. ఎవరికమ్మా?"

"నాకే. మా బిడ్డ ఆడ ఉన్నది. నీళ్ళాడే యాళ్ళయింది. తొలి కానుపు."

అల్లుడు పడుచు వయసులో మేస్త్రీ వెంట మన్ను పనికి పోయి, రైలు కట్టలు పోసుకుంటూ దక్షిణానికి దిగి, చివరికి కొలంబోలో ఒక నూలు గోదాములో కావలివాడుగా కుదిరాడు. సెలవుపై వచ్చి పెళ్ళి చేసుకొని భార్యను వెంట తీసుకుపోయాడు. ఆ పిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి రాలేకపోయింది, కాబట్టి పుట్టిల్లే ఆమె దగ్గరికి బయలుదేరింది. పాస్‌పోర్టు, వీసా తిప్పలన్నీ అల్లుడు పంపిన మనిషి పట్నంలో చూసిపెట్టాడు.

"గొంగడెందుకమ్మా? ఆడ చలి ఉండదు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "చలికి కాదు కొడుకా. మా ఇంట్ల పుట్టినోడు ఎవడైన సరే మొదాల మా మంద ఉన్నిలనే పండాలె. మా అత్త గట్లనే పండవెట్టింది, నేను గట్లనే పండవెట్టిన. మంచంల బట్టల పండినోడు ఎవని మందల వోడు?"

టికెట్టు రాసిచ్చాను. ఆ ఏడు నాకు రైల్వే వాళ్ళిచ్చే ఉచిత పాసు మిగిలి ఉంది. పట్టాల చివర చూడాలన్న కోరిక ఎన్నేళ్ళదో. విఠల్‌రావు గారిని సెలవు అడిగాను.

"ఇన్‌స్పెక్టర్ సాబు వచ్చే టైముల నువ్వు సముద్రం చూడనీకి పోతవా?"

"ఆమెను ఓడ ఎక్కించి వస్త సార్."

ఆయన పాన్ ఉమ్మి వచ్చి అన్నాడు. "పో. చూసి రా. లేకుంటే జిందగీ అంత నా పానం తింటవ్."

వాతలు

విల్లుపురంలో మా పెట్టెలోకి పేచ్చియమ్మ అనే అరవామె ఎక్కింది. భర్త కొలంబో హార్బరులో పనిచేస్తాడు, ఆమెకు ఈ దారి కొత్త కాదు. ఎల్లమ్మకు అరవం రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా తిరుచ్చి దాటేసరికి ఎల్లమ్మ జొన్నరొట్టె ఆమె చేతిలోనూ, ఆమె పులిహోర ఎల్లమ్మ చేతిలోనూ ఉన్నాయి. ఇద్దరూ తమ తమ భాషల్లో అల్లుళ్ళను తిట్టుకున్నారనుకుంటాను. నవ్వులు మాత్రం కలిశాయి.

సింహళానికి పోయేవాళ్ళను మండపం దగ్గర క్యాంపులో దింపి డాక్టరు పరీక్ష చేసేవాడు. కలరా, మశూచి అవతలి దేశానికి పోకూడదని. ఇదంతా నాకు ముందే తెలుసు. ఎల్లమ్మకు మా గద్వాల దవాఖానలో టీకాలు వేయించి కాగితం తీసుకున్నాం. ఇక ఏ అడ్డూ లేదనుకున్నాను.

డాక్టరు పెద్దవయసు అరవాయన. ఎల్లమ్మ రైక చేయి పైకి జరిపి చూసి ఆగిపోయాడు. టీకా వేసిన చోట వాపు, దాని మీద పసుపు, వేపాకు ముద్ద. అంతవరకు సరే. వాపు చుట్టూరా పచ్చి బొబ్బలు.

"ఇవేమిటి?" అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు.

నేను ఎల్లమ్మను అడిగాను.

"వాతలు. సూది పొడిచినంక చెయ్యి ఉబ్బింది, జరం వచ్చింది. మా మరిది కొడవలి కాల్చి పెట్టిండు. గొర్రెకు కాలు ఉబ్బితె పెట్టమా? గట్లనే."

"ఎప్పుడు?"

"బయలెల్లేటప్పుడే. పోచమ్మకు మొక్కి పెట్టించుకున్న. తొవ్వల జరం తిరగబెడితె ఎట్ల?"

నేను చెప్పగలిగినంత చెప్పాను. మా వైపు గొర్లకాపరుల ఇళ్ళలో ఇది మామూలేనని, ఇవి కాల్చిన మచ్చలేనని, రోగం కాదని. డాక్టరు ఓపికగా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ కొన్ని బొబ్బలు కాల్చినవి, కొన్ని అవునో కాదో నేను ఇప్పుడు చెప్పలేను. మీరు బాగా చదివినట్టున్నారు. ఓడ నిండా మనుషులుండగా మశూచి ఏం చేస్తుందో కూడా చదివే ఉంటారు."

ఆయన మీద అప్పుడు నాకు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని. నియమాన్ని పట్టుకున్న ప్రతివాడూ మూర్ఖుడు కాదు. మా ఇన్‌స్పెక్టరు తన పని తగ్గించుకోవడానికి ఎదుటివాణ్ని ఆపాడు. ఈయన ఓడలో కనపడని పిల్లల కోసం ఆపాడు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడమే మన ఉద్యోగంలో సగం.

బొబ్బలు ఎండేదాకా ఎల్లమ్మ క్యాంపులోనే ఉండాలి. ఆ మాట చెప్పగానే ఆమె నేల మీద కూలబడింది. ఏడవలేదు. తలెత్తి డాక్టరుతోనే నేరుగా తెలుగులో మాట్లాడింది.

"నన్ను పట్టుకుంటె పట్టుకో అయ్యా. గొంగడినెందుకు పట్టుకుంటవ్? దానికి జరం లేదు గద."

నేను అర్థం చెప్పాను. ఆయన మొదటిసారి నవ్వాడు. గొంగడిని ఆవిరి పెట్టెలో వేసి తీస్తే పంపవచ్చన్నాడు. వేశారు. చింతగింజల గంజి అంతా వదిలిపోయి, తడకలా ఉన్న గొంగడి ముసలి పిల్లిలా మెత్తబడి వచ్చింది.

"ఓయమ్మో, నా గొంగడిని ఉడకబెట్టిండ్రు!" అని ఎల్లమ్మ నెత్తి కొట్టుకుంది. తర్వాత దాన్ని చెంపకు ఆనించి చూసుకుంది. "పోనీతియ్యి. పసిపోనికి కుచ్చుకోదు."

తీసుకుపోయేది ఎవరు? పేచ్చియమ్మ పరీక్ష అయిపోయి రైలు కోసం నిలబడి ఉంది. కొలంబో స్టేషనుకు అల్లుడు వస్తాడు. కానీ అంత మందిలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎట్లా పోల్చుకుంటారు? నేను పేరు రాసి ఇస్తానన్నాను. ఎల్లమ్మ నా చేయి పక్కకు తోసింది.

"నీ రాత ఎవడు సూస్తడు? అంచు సూస్తె మా అల్లుడు గుర్తువడ్తడు."

పేచ్చియమ్మను నిలబెట్టి, మా గొర్లకాపర్లు వానలో వేసుకునే కొప్పెర ఎట్లా మడవాలో చూపించింది. ఒక మూల తల మీదికి, మిగతాది వీపు మీదుగా మోకాళ్ళ దాకా, తెల్ల చార ముఖం చుట్టూ కనపడేటట్టు. ఆమె తప్పు మడిస్తే విప్పి మళ్ళీ మడిపించింది. ఎర్రటి ఎండలో, సముద్రం గాలిలో, ఆ అరవామె నల్ల గొంగడి కొప్పెర వేసుకొని నవ్వు ఆపుకోలేక నిలబడింది. నేను ఆ రైల్లోనే ధనుష్కోటికి పోయి ఆమె ఓడ ఎక్కేదాకా చూశాను. మా పట్టాలు ఇసుకలో ఆగిపోయిన చోటు కూడా చూశాను. అట్లసులో ఉన్నట్టే ఉంది, కానీ గాలి గురించి అట్లసు ఏమీ చెప్పలేదు.

తనిఖీ

నేను తిరిగి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చి కూర్చున్నారు. నేను వెంట పోయిన సంగతి ఎవరో చెప్పేశారు, మండపంలో జరిగింది నేనే చెప్పాను.

"చూశావా? నువ్వు వెంట వెళ్ళావు కాబట్టి ఆ మాత్రమైనా అయింది. ప్రతి ప్రయాణికుడి వెంటా వెళ్తావా?"

"నేను పోను సార్. టికెట్టు పోతది. దాన్నే నడుమల తెంపొద్దంటున్న."

విఠల్‌రావు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈసారికి ఉండనీయండి సార్, వాడు నాతోటి గూడ గిట్లనే కొట్లాడుతడు" అన్నాడు. కొలంబో టికెట్టు ఉండిపోయింది.

వానాకాలం వెళ్ళాక ఎల్లమ్మ తిరిగి వచ్చి, రైలు దిగి ఇంటికి పోకుండా నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చింది. వరసలో ఉన్నవాళ్ళంతా వినేటట్టు చెప్పింది.

"మొగపోరడు! నేను పోయేటాల్లకే పుట్టిండు. పుట్టి, గొంగట్ల పండిండు. స్టేషన్ల ఆ అరవామె కొప్పెర ఏసుకొని దిగంగనే మా అల్లుడు 'అత్తా' అని ఉరికిండట. దగ్గరికి పోతే మొకం ఏరే!"

వరసంతా నవ్వింది. విఠల్‌రావు గారు కూడా.

సముద్రం తర్వాత

అరవై నాలుగు డిసెంబరు తుఫానులో ధనుష్కోటి పోయింది. నేను చూసిన ఇసుక, రేవు, పట్టాలు అన్నీ పోయాయి. పత్రికలో చదివి నేను రెండు రోజులు గ్రంథాలయానికి పోలేదు. ఆ అట్లసును మళ్ళీ ఎట్లా తెరవాలో తెలియలేదు.

తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరు గారు నా బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడి అన్నారు. "నీతో వాదించలేక నేను ఊరుకున్నాను. సముద్రం ఊరుకోలేదు. ఇక కొలంబో టికెట్టు తీసెయ్."

ఆ మాట పూర్తయిందో లేదో కిటికీ అవతల తడక చప్పుడు లేకుండా ఎల్లమ్మ నిలబడి ఉంది. భుజాన కొత్త గొంగడి. బిడ్డకు రెండో కాన్పు.

"కొడుకా, కొలంబుకు రాయి."

తుఫాను సంగతి చెప్పాను. రేవు లేదు, రైలు మండపం దగ్గరే ఆగిపోతుంది, ఓడ మళ్ళీ ఎప్పుడు నడుస్తుందో ఎవరికీ తెలియదని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"ఇన్న. మా ఊర్ల గూడ చెప్పిండ్రు. పట్టాలు పోయినయి. నా బిడ్డ పోయిందా?"

"లేదమ్మా."

"మరి? పట్టాలు ఎందాక ఉన్నయో అందాక రాయి. ఆడ కూసుంట. ఓడ ఎన్నడొస్తె అన్నడెక్కుత. మంద ఎన్క తిరిగేదాన్ని, నాకు కూసునుడు రాదా?"

నేను ఇన్‌స్పెక్టరు గారి ముఖం చూడలేదు. టికెట్టు పుస్తకం తీసి, మండపం అని రాశాను. ఆమె రైక చేయి పైకి జరిపి కిటికీలోంచి లోపలికి చాపింది. టీకా మచ్చ ఒక్కటే, చుట్టూ చర్మం నున్నగా ఉంది.

"సూడు, ఈసారి వాతల్లేవు. గొంగడికి గంజి గూడ పెట్టలే. ఎట్లయిన ఉడకబెడ్తరు గద!"

ఆమె మండపంలో కాచుకున్నది. ఓడ మళ్ళీ రామేశ్వరం నుంచి నడిచినప్పుడు ఎక్కింది. బిడ్డ దగ్గరికి చేరింది. ఈ మూడు మాటలూ నేను ఇన్‌స్పెక్టరు గారికి ఎన్నడూ చెప్పలేదు, ఆయన అడగలేదు కూడా. పైవాళ్ళు మాత్రం ఎవరూ పోరనే అనుకుంటూ వచ్చారు.

ఆ రోజు నేను టికెట్టు చింపి ఇచ్చేటప్పటికి బండి గంట కొట్టారు. ఇన్‌స్పెక్టరు గారు ఇంకా దారికి అడ్డంగానే నిలబడి ఉన్నారు. ఎల్లమ్మ గొంగడిని భుజం మార్చుకుంది.

"జర జరుగు సారూ. నాకు చాన దూరం పోయేదున్నది."

ఆయన జరిగారు.